కమాండ్ లైను అభ్యాసము

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారిచే ఆరంభింపబడి, 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన లినక్స్‌కు మార్గదర్శకమైన యూనిక్స్ పద్ధతిని కేవల గ్రంథపఠనముచేత నేర్వజూచు విద్యార్థి, గట్టున కూర్చుండి ఈత నేర్వబూనినవాడే యగును.

చెడినను నష్టములేని యొక వర్చువల్ మెషీన్‌లో లినక్స్‌ను నెలకొల్పుకొని, సామాన్య వినియోగదారుడుగా ప్రవేశించి, 'టీఎమ్‌పీ' డైరెక్టరీలో 'ఎమ్‌కేడిర్' ఆజ్ఞతో నొక కొత్త డైరెక్టరీని, 'టచ్' ఆజ్ఞతో అందొక ఖాళీ ఫైలును సృజింపవలెను. 'ఎల్‌ఎస్' ఆజ్ఞకు 'హైఫన్ ఎల్' చేర్చినచో, ఆ ఫైలు ఎవరిదో, దానిపై ఎవరికెట్టి అనుమతులు కలవో గోచరించును. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 విలువలు. వీనిని కూడగా వచ్చిన అంకెలు యజమానికి, బృందమునకు, ఇతరులకు వరుసగా వర్తించును. కావున 'సీహెచ్‌మోడ్ 640' అని ఆ ఫైలు అనుమతుల మార్పుకై ఆజ్ఞాపించినచో యజమాని చదివి వ్రాయగలడు. బృందమువారు చదువమాత్రమే గలరు. ఇతరులకు ఏ యనుమతియు నుండదు.

ఇంతటితో తృప్తినొందరాదు. బృందమునకు చెందని రెండవ వినియోగదారుని సృష్టించి, అతని పేరిట ఆ ఫైలును తెరువబూని, యంత్రము పలుకు నిరాకరణవాక్యమును కన్నులార చూడవలెను. పిమ్మట ఆ డైరెక్టరీకి నడుపు అనుమతిని తొలగించి చూడుడు: ఫైలు అనుమతులు యథాతథముగా నున్నను, యజమానియే దానిని చేరజాలడు! ఈ యొక్క ప్రయోగము పది పుటల వివరణకన్న మేలని నా దృఢవిశ్వాసము.

ప్రతి యాజ్ఞకును ముందు దాని వివరణమగు 'మ్యాన్' పుటను చదువుడు. రెండవ వినియోగదారుని సృష్టించుటకు తప్ప, ఈ యభ్యాసమును 'రూట్' అనబడు సర్వాధికారముతో చేయకుడు. ఆ యధికారమునకు ఈ నిషేధములు సాధారణముగా అడ్డురావు.