రైలు ఎవరి కోసం వచ్చింది?

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణా దాకా 34 కిలోమీటర్లు మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఇది బడిపిల్లలకూ తెలుసు. ఆ పట్టాలకు డబ్బు ఎవరు పెట్టారు, బాకీ ఎవరు తీర్చారన్నది మాత్రం పాఠంలో రాదు.

పెట్టుబడి ఇంగ్లండు వాటాదారులది. లాభం వచ్చినా రాకపోయినా ఏటా నూటికి 5 చొప్పున ఇస్తామని 1849లోనే ఈస్టిండియా కంపెనీ హామీ రాసిచ్చింది. భూమి ఉచితం. ఆదాయం తక్కువపడితే లోటు ఖజానా నుంచి, అంటే చాలావరకు మన తాతలు కట్టిన శిస్తు నుంచి పూడ్చారు. నష్టభయం లేనివాడు పొదుపు చేస్తాడా? మైలుకు 8 వేల పౌండ్లు చాలని అంచనా వేస్తే ఖర్చు రెండింతలు దాటింది. మనం బోరు వేస్తే నీళ్లు పడకపోయినా అప్పు మనదే. వాళ్లకు ఆ బాధ లేదు.

ఎందుకింత తొందర? పత్తి. మాంచెస్టర్ మిల్లులకు అమెరికా పత్తి ఒక్కటే దిక్కు కాకూడదు. అందుకే పట్టాలు రేవుల దగ్గర మొదలై లోపలికి పాకాయి. కిరాయిలూ అలాగే పెట్టారు. రేవుకు పోయే సరుకుకు తక్కువ, లోపలి ఊరి నుంచి లోపలి ఊరికి పోయేదానికి ఎక్కువ.

మన సీమకు వస్తాను. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. అయిదేళ్లకే 1876-78 కరువు. రైలు ధాన్యం తెచ్చింది, కాదనను. అది లేకుంటే ఇంకా ఎక్కువమంది పోయేవారేమో. కానీ ధర కొండెక్కింది, కూలివాడి చేతిలో పైసా లేదు. అదే కాలంలో ఉత్తరాది గోధుమ ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర, రైళ్ల సొమ్ము కాలువలకు పెట్టండి, కాలువ పంటా ఇస్తుంది, పడవల మీద సరుకూ మోస్తుంది అని వాదించాడు. సగం నిజమే. మెట్ట సీమలో ఆ లెక్క కుదరలేదు. కేసీ కెనాల్ తవ్విన కంపెనీకీ అదే 5 శాతం హామీ ఇచ్చారు, నష్టాలతో చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది.

ఇప్పుడు లైను పక్కన మళ్లీ భూమి అడుగుతున్నారు. పరిహారం ఒక్కటే కాదు, మన స్టేషనులో సరుకు ఎక్కించే షెడ్డు ఉంటుందా, టమాటాకు, బత్తాయికి కిరాయి ఎంత, ఈ రెండూ రాతపూర్వకంగా అడుగుదాం. తీర్మానం నకలు బల్ల మీద ఉంది. చదివాకే సంతకం పెట్టండి.