తెలిసిన హత్య, తేలని కేసు

('జెడ్' సినిమా ప్రదర్శన తర్వాత విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

మన సినిమాల్లో కోర్టు సీను ఎట్ల ఉంటదో అందరికీ ఎరుకే. జడ్జి తీర్పు చదవబోతడు. అంతలో వెనుక నుంచి 'ఆగండి' అని ఒక కేక. దెబ్బలు తిన్న సాక్షి తూలుకుంట లోపలికొస్తడు. రెండు నిమిషాల్లో కుట్ర బయటపడ్తది, విలన్ చేతికి బేడీలు పడ్తయి. న్యాయం జరిగిపోయిందని మనం చెప్పులేసుకొని ఇంటికి పోతం. ఇప్పుడే చూసిన 'జెడ్' మనల్ని అట్ల పోనియ్యదు. ఎందుకు పోనియ్యదో, ఆ కథను ఎట్ల కట్టిన్రో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందుగాల అసలు సంగతి. 1963 మే 22న గ్రీసు దేశంలోని థెస్సలొనీకి పట్టణంలో శాంతి సభలో మాట్లాడి బయటికొచ్చిన పార్లమెంటు సభ్యుడు గ్రిగొరిస్ లాంబ్రాకిస్‌ను నడిరోడ్డు మీద కొట్టిన్రు. మూడు చక్రాల బండి మీద వచ్చి తల మీద దెబ్బ వేసిన్రు. చుట్టూ పోలీసులున్నరు. ఐదు రోజులకు ఆయన ప్రాణం పోయింది. ఆయన డాక్టరు, ఒకప్పటి క్రీడాకారుడు. ఈ హత్య మీద వాసిలిస్ వాసిలికోస్ నవల రాసిండు. 1967 ఏప్రిల్‌లో గ్రీసులో సైన్యం గద్దెనెక్కింది. దేశం బయట ఉన్న కోస్టా గావ్రాస్, రచయిత హోర్హె సెంప్రూన్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసి 1969లో ఈ సినిమా తీసిండు. గ్రీసులో తీసే వీలు లేదు, అల్జీరియాలో తీసిన్రు. సంగీతం ఇచ్చిన మికిస్ థియోడోరాకిస్ అప్పటికి సైనిక పాలకుల నిర్బంధంలో ఉన్నడు. ఆ మరుసటి ఏడు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఎడిటింగ్‌కు ఇంకో ఆస్కార్ వచ్చింది.

ఇగ కథ నిర్మాణం దగ్గరికి వద్దాం. కుట్ర కథ అనంగనే మనం 'ఎవరు చేసిన్రు' అని వెతుకుతం. చివరి రీలు దాకా ఆ ముడి విప్పకుండ దాచిపెట్టుడే థ్రిల్లర్ అనుకుంటం. ఈ సినిమాలో దాచిపెట్టిందేమీ లేదు. మాట ఇచ్చిన హాలు చేజారుడు, సభ ముందు గూండాలు జమైతుంటే పోలీసులు చేతులు కట్టుకొని నిలబడుడు, బండి దూసుకొచ్చుడు, దుడ్డుకర్ర లేచుడు - అన్నీ మన కండ్ల ముందే జరిగిపోతయి. కథ సగానికి కూడ రాకముందే హంతకులెవరో, వాళ్ల వెనుక ఎవరున్నరో మనకు తెలుసు. అయినా మనం కుర్చీ అంచుమీదకొస్తం. ఎందుకంటే ప్రశ్న మారిపోయింది. మనం చూసింది కాగితం మీదికి ఎక్కుతదా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. పోలీసులు అప్పటికే రాసేసిన్రు: తాగిన డ్రైవరు, రోడ్డు ప్రమాదం. ఒక పక్క మన కండ్లు, ఇంకో పక్క వాళ్ల ఫైలు. ఈ రెండింటి నడుమ కొట్లాటే సినిమా మొత్తం.

ఆ కొట్లాటలోకి వస్తడు దర్యాప్తు మేజిస్ట్రేటు. రంగు కళ్లద్దాలు, తక్కువ మాట. ఆయన ప్రతిపక్షం మనిషి కాదు, ఉద్యమకారుడు అసలే కాదు. ప్రభుత్వం ఆయనను నమ్మే కేసు చేతికిచ్చింది. ఈ ఎంపికలోనే సగం నిర్మాణం ఉన్నది. చనిపోయినాయన అనుచరుడు హత్య అంటే ఎవరూ చెవిన పెట్టరు. ఎటువైపూ లేని మనిషి ఒక్కొక్క సాక్ష్యం తూకం వేసి అక్కడికే చేరితే తప్పించుకునే తోవ ఉండదు. మొదట ఆయన 'హత్య' అన్న మాటను ఒప్పుకోడు, 'సంఘటన' అనాలంటడు. పోనుపోను ఆయన నోట్నే హత్య అన్న మాట వస్తది. ఈ సినిమాలో అసలు మలుపు అదే. అక్కడ తుపాకి పేలలేదు, బాంబు పడలేదు, ఒక నామవాచకం మారింది.

సినిమా మొదలైంది కూడ మాటతోనే. ఒక అధికారి ద్రాక్షతోటలకు పట్టే బూజు తెగులు గురించి ఉపన్యాసం ఇస్తడు. తర్వాత లేచిన పోలీసు జనరల్ మనుషుల ఆలోచనలకు కూడ తెగులు పడ్తదని, మందు కొట్టాలని అంటడు. అప్పుడు మనకు నవ్వొస్తది. కర్ర లేచినప్పుడు ఆ నవ్వు గొంతులో అడ్డం పడ్తది. మనిషిని ముందు చీడపురుగును చేసిన్రు, కొట్టుడు తర్వాత సంగతి.

కుట్ర దొరికిపోయింది కూడ మాట దగ్గర్నే. బండి మీదికి దుంకిన మనిషి గురించి చెప్పుకుంట గూండా ఒకడు పులి పోలిక తెస్తడు. పై అధికారి నోట కూడ అచ్చం అదే పోలిక వస్తది. వేర్వేరు చోట్ల నిలబడి చూసినోళ్లకు ఒక్కటే ఉపమానం ఎట్ల తడ్తది? ఎక్కడ్నో కూసొని కలిసి నేర్చుకుంటే తప్ప! మేజిస్ట్రేటు చెవి అక్కడ నిక్కపొడుచుకుంటది. డిటెక్టివ్ కథల్లో వేలిముద్ర చేసే పని ఇక్కడ ఒక పోలిక చేసింది.

సాక్షులను చూడండి. శవపేటికలకు వార్నిషు వేసే ఒక కార్మికుడు. ఆ రాత్రి ఎవర్నో చంపుతనేమో అని బండి డ్రైవరు తనతో అన్న మాటను చెప్పనీకె బయల్దేరిండు. తోవలనే తల పగిలింది. దవాఖానలో పడుకుంటే పెద్దోళ్లొచ్చి 'నువ్వు జారిపడ్డవు' అంటరు. సొంత చెల్లె కూడ నీకెందుకు అంటది. అయినా మాట తప్పలేదు. ఇంకొకడు ఫొటో జర్నలిస్టు. మొదట్ల వానికి కావలసింది మంచి ఫొటో, మంచి వార్త. ఆ వెతుకులాటలోనే ఆధారాలు దొరకబట్టి మేజిస్ట్రేటు బల్ల మీద పెడ్తడు. ఒక్క హీరో లేడు ఈ కథలో. తల తెగిన దండలో పూసల్లెక్క ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క తెస్తరు.

చివరికి ఆ గది. పతకాలు తగిలించుకున్న అధికారులు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వస్తరు. పేరు, వృత్తి అని మేజిస్ట్రేటు అడుగుతడు, టైపు మిషన్ టకటకమంటది, నేరం చదువుతరు. బయటికి పోబోయి మూసిన తలుపు గుంజి, తెరుచుకోక, ఇంకో తలుపుకు మళ్లుతరు. ఒకరైతే పర్వాలేదు, వరుసగా అందరూ అట్లనే. హాలంతా చప్పట్లు పడ్తయి, ఇప్పుడు మనం కొట్టినట్టే. మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది.

అసలు దెబ్బ దీని తర్వాత ఉన్నది. ఒక సహచరుడు ఉరికొచ్చి ఆయన భార్యకు శుభవార్త చెప్తడు. ఆమె ముఖంలో సంతోషం కనిపించదు. ఆ తర్వాత రెండు మూడు నిమిషాల్లో వార్తలు చదివినట్టు చదివేస్తరు: సాక్షులు ఒక్కొక్కరు చనిపోయిన్రు, మేజిస్ట్రేటును కేసు నుంచి తీసేసిన్రు, అధికారులు బయటపడ్డరు, గూండాలకు కొద్దిపాటి శిక్ష. చదువుతున్న జర్నలిస్టు కూడ జైలుకు పోయిండని ఇంకో గొంతు చెప్తది. తర్వాత నిషేధాల జాబితా. సోఫోక్లీస్, టాల్‌స్టాయ్, బీటిల్స్, ఆధునిక గణితం, చివరికి 'జెడ్' అనే అక్షరం. గ్రీకులో ఆ అక్షరం 'ఆయన బతికే ఉన్నడు' అన్న మాటకు గుర్తు. రెండు గంటలు కష్టపడి కట్టిన ఇల్లును రెండు నిమిషాల్లో కూలగొట్టిండు దర్శకుడు. అది కావాలని చేసిన పని. రుజువు కావుడు వేరు, న్యాయం దొరుకుడు వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధాన్ని చూపెట్టనీకే కథను అట్ల విరిచిండు.

మన దగ్గర 2012లో దిబాకర్ బెనర్జీ ఇదే నవల ఆధారంగా హిందీలో 'షాంఘై' తీసిండు. అందులో దర్యాప్తు చేసేది ఒక ఐఏఎస్ అధికారి నడిపే విచారణ కమిషన్. ఈ మార్పు ఊరికే రాలేదు. గ్రీసులో దర్యాప్తు మేజిస్ట్రేటు తానే సాక్షులను పిలిచి నేరం మోపగలడు. మన దగ్గర దర్యాప్తు పోలీసుల చేతిలో ఉంటది. 1952 చట్టం కింద వేసే విచారణ కమిషన్ నివేదిక ఇస్తది, సిఫారసు చేస్తది. ఎవరినీ శిక్షించలేదు, నివేదిక ప్రభుత్వాన్ని కట్టెయ్యదు. చట్టం మారితే ప్లాటు మారుతది. 'జెడ్'లో టైపు మిషన్ ముందు అధికారులు నిలబడ్డ ఆ సీను మన కమిషన్ గదిలో అట్లనే పెడితే నమ్మేటోడు ఉండడు.

చివరిగా మా గురించి ఒక మాట. మేము విలేకరులం. ప్రెస్‌నోట్‌లో 'స్వల్ప లాఠీచార్జి' అని వస్తే, తలలు పగిలినోళ్లను కండ్లార చూసి కూడ అదే మాట రాసిన రోజులు మాకున్నయి. డెస్కుకు టైమైతున్నదనో, ఎందుకొచ్చిన లొల్లి అనో. ఆ మాట తెల్లారి పేపరులో అచ్చయింది, తర్వాత అదే రికార్డయింది. అందుకే ఈ సినిమా చూసినప్పుడల్లా మేజిస్ట్రేటు కంటే ముందు ఆ టైపు మిషన్ మాకు గుర్తొస్తది. ఉద్యోగ మిత్రులారా, ఫైలు మీ చేతుల మీదుగనే పోతది. విద్యార్థి మిత్రులారా, చూసినోళ్లు ఎక్కువగా మీరే ఉంటరు. చూసింది చూసినట్టు, తారీఖుతో, టైముతో అదే రోజు రాసిపెట్టుకోండి.

ఆ కేసు దర్యాప్తు చేసిన నిజమైన మేజిస్ట్రేటు క్రిస్తోస్ సార్జెటాకిస్. సైనిక పాలకులు ఆయన ఉద్యోగం తీసేసిన్రు, జైల్లో పెట్టిన్రు. 1974లో ఆ పాలన కూలింది. 1985లో ఆయన్నే గ్రీసు అధ్యక్షున్ని చేసుకున్నరు. ఈ ముక్క సినిమాలో లేదు, అప్పటికింకా జరగలేదు. ఆయన రాసిన ఫైలు మాత్రం అప్పటికే ఉన్నది.