అంగడి విడిచి వ్యాయామశాల



సంస్కృతము చెప్పుకొని బ్రతికిన వృద్ధోపాధ్యాయుడు జిమ్ములను గూర్చి ప్రసంగించుట మీకు నవ్వు దెప్పింపవచ్చును. నేను జన్మమున నొక గదయైన ద్రిప్పి యెఱుగను. అయినను అనంతపురము, ధర్మవరము, హిందూపురములయందు మన బాలురు కొందఱు బట్టల యంగళ్లను, వేరుసెనగ వ్యాపారములను విడిచి, ఫ్రాంచైజీ యను నొడంబడికచే వ్యాయామశాలలు పెట్ట బూనుచున్నారు. పెద్దలు దీనిని కులవృత్తిత్యాగమని నిందింతురు. నాకది సమ్మతము గాదు. విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు కంపెనీ నడపి దేశాంతరములందు గీర్తి గాంచలేదా?

నా భయము వేఱు. ఫ్రాంచైజీ యనగా బరుని పేరు అద్దెకు దెచ్చుకొనుట. ప్రవేశరుసుము మనది, రాబడిలో భాగము వారిది. మన తాతలకు బలకపై నున్న పేరే మూలధనము. దానిని జూచియే దూరపు వర్తకుడు సరకు అరువిచ్చెడివాడు. అద్దె పేరెంత గొప్పదైనను నమ్మరాదు. 1932లో బొంబాయిలో మొదలైన తాళ్వల్కర్ సంస్థ 2019లో ఋణవాయిదాలు చెల్లింపజాలకపోయెను. 1965లో కాలిఫోర్నియాలో బుట్టిన గోల్డ్స్ జిమ్ము 2020 మేనెలలో దివాలా రక్షణ గోరెను.

నా మేనల్లు డొకడు అంగడి నమ్మి 2019లో నిట్టి జిమ్ము తెఱచెను. 2020 జనవరిలో సంవత్సరపు చందాలు ముందుగనే వచ్చిపడెను. వాడది లాభమని తలంచి క్రొత్త యంత్రములు కొనెను. మార్చిలో దలుపులు మూతపడెను. ఆగస్టు 5 వఱకు గేంద్రప్రభుత్వ మనుమతి నీయలేదు. అద్దె యాగలేదు, వాయిదా యాగలేదు. చందాదారులు తమ నెలలను దాము అడిగిరి. వారిది తప్పా?

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధి ప్రకరణము గలదు. ఒకడు దాచుమని యిచ్చిన సొమ్మును స్వేచ్ఛగా వాడుకొనినవాడు దండ్యుడనియు, వృద్ధితో మరల నీయవలయుననియు నందు విధి. జిమ్ము చందా అక్షరశః ఉపనిధి కాకపోవచ్చును. కాని పండ్రెండు నెలల సొమ్ములో మొదటి నెల నీది యగునది యొక్క పాలే. తక్కిన పదునొకండు పాళ్లును అప్పు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు మన మెట్టసీమ రైతునకు దీనిని బోధింపనక్కఱలేదు. ఇంట గింజ లేకున్నను విత్తనపు గాయల మూట విప్పడు. అంగడిలో బెరిగిన మనకే యిది తోచకుండుట చిత్రము!

కావున పోషకులారా, బాలుడు ఋణమడిగినప్పుడు యంత్రముల బొమ్మలు చూచి మురియకుడు. ముందుచందాలకు వేఱు ఖాతా గలదా యని యడుగుడు. గడువు తీరినపిమ్మట నదే యూర దన పేర శాల పెట్టుకొను స్వేచ్ఛ వానికి గలదో లేదో పత్రమున జూడుడు. మా వానికి మూడేండ్లు ఆ స్వేచ్ఛ లేకపోయెను.

ఇప్పుడు వాడు నెలచందాలే పుచ్చుకొనుచు, పాత యంగడి పేరే పలకపై వ్రాయించి చిన్నశాల నడపుచున్నాడు. అప్పు కొంత మిగిలియే యున్నది. ఒడంబడికలు దెచ్చినవారికి వాని యర్థము తెలుగున జెప్పుటకు సాయంకాలము వఱకు నేను వరండాలోనే యుందును.