చట్టం ఆగిపోయే పొలిమేర: యానాం స్త్రీలు, స్థానిక పాలన

(ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మనం పంచాయతీల్లో స్త్రీల గురించి మాట్లాడుకుంటున్నాం. సంతకం భార్యది, పెత్తనం భర్తది అయిపోతోందన్న బాధ చాలామంది చెప్పారు. నేను ఆ బాధ పడే అవకాశం కూడా లేని ఒక ఊరి గురించి చెబుతాను. అది యానాం. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు. మాట్లాడేది తెలుగు, చుట్టూ ఉన్నది ఆంధ్ర. ఒకవైపు తాళ్ళరేవు, గౌతమి దాటితే ఎదుర్లంక. పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి.

యానాం చరిత్రను మనం స్త్రీల వైపు నుంచి చదివితే ఒక విషయం కనబడుతుంది. ఆడవాళ్ళ కోసం వచ్చిన చట్టాలు ఈ ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతూ వచ్చాయి. మూడు సందర్భాలు చెబుతాను.

మొదటిది శారదా చట్టం. 1929లో చేశారు, 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదన్నారు. అది బ్రిటిష్ ఇండియా చట్టం. యానాం ఫ్రెంచివారిది. దాంతో చుట్టుపక్కల జిల్లాల పెద్ద కుటుంబాలవాళ్ళు పసిపిల్లల్ని యానాం తీసుకొచ్చి తాళి కట్టించి తిరిగి వెళ్ళేవారు. ఊరికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. ఈ పేరును ముచ్చటగా చెప్పుకునేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఆ పందిళ్ళ కింద కూర్చున్న పిల్లల ముఖాలు తలుచుకుంటే నాకది ముచ్చటగా అనిపించదు.

రెండోది సారా సంగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారనుకోండి. కాని అమల్లో ఉన్న ఆ కొద్దికాలం కూడా యానాంకు అది వర్తించలేదు. పక్క ఊళ్ళ మగవాళ్ళు తాగడానికి యానాం వచ్చారు. పక్క ఊళ్ళ ఆడవాళ్ళ గెలుపు యానాం పొలిమేర దగ్గర నిలిచిపోయింది.

మూడోది ఇవాళ్టి మన విషయం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ పాలకవర్గాలకు అయిదేళ్ళ గడువు, గడువు తీరేలోగా ఎన్నికలు, స్త్రీలకు మూడోవంతు స్థానాలు. మొదటి రెండు చట్టాలు యానాంకు వర్తించేవి కావు. ఇది వర్తిస్తుంది. కేంద్రపాలిత ప్రాంతాలకూ ఇది చెల్లుతుందని రాజ్యాంగంలోని 243-జడ్‌బి అధికరణం చెబుతోంది. అంటే ఈసారి పొలిమేర వంక చెప్పడానికి వీల్లేదు.

మరి జరిగిందేమిటి? పుదుచ్చేరి ప్రాంతంలో 1968లో స్థానిక ఎన్నికలు జరిగాయి. మళ్ళీ జరిగింది 2006లో, అదీ కోర్టులు కల్పించుకున్నాక. మధ్యలో 38 ఏళ్ళు. 2006లో ఎన్నికైనవారి గడువు 2011లో తీరింది. పదేళ్ళ తర్వాత, 2021లో, షెడ్యూలు ప్రకటించారు. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు తెగల రిజర్వేషన్ల మీద వివాదం హైకోర్టుకెక్కింది, ఎన్నికలు ఆగిపోయాయి. ఇక్కడ స్థానిక పాలన కొత్త సంగతేమీ కాదు. ఫ్రెంచివారు 1880లోనే ఈ ప్రాంతాల్లో కమ్యూన్లు పెట్టి మునిసిపల్ సభలు ఏర్పాటు చేశారు.

ఒక లెక్క చూడండి. 2006లో 12 ఏళ్ళున్న యానాం అమ్మాయి 2012లో ఓటరయింది. పార్లమెంటుకు ఓటేసింది, శాసనసభకు ఓటేసింది. తన వీధి మనిషిని ఎన్నుకునే ఓటు మాత్రం ముప్పయ్యో ఏడు దగ్గరపడేదాకా కూడా వెయ్యలేదు.

యానాంకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ కమ్యూన్ పంచాయతీ లేదు. ప్రాంతమంతా ఒకే మునిసిపాలిటీ. ఇసుకతిప్ప, అడవిపొలం లాంటివి చూడటానికి పల్లెలే, కాని చట్టం దృష్టిలో పట్టణం. కాబట్టి వాటికి గ్రామసభ లేదు. పోనీ వార్డు కమిటీలా అంటే, రాజ్యాంగం వాటిని తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న చోట మాత్రమే. 2011 లెక్కల్లో యానాం జనాభా 55,626. ఇక మిగిలిన ఒకే ఒక్క మెట్టు వార్డు కౌన్సిలర్. ఆ మెట్టే లేకపోతే వీధిలో ఉన్న స్త్రీకీ ప్రభుత్వానికీ మధ్య ఏముంటుంది?

‘పనులు జరుగుతూనే ఉన్నాయి కదా, అధికారులున్నారు కదా’ అని నన్ను చాలామంది అడిగారు. నిజమే, జరుగుతాయి. కాని ఎలా అడిగితే జరుగుతాయన్నది ముఖ్యం. 2022 జూలైలో గోదావరి వరద యానాంను ముంచింది. ఆ తర్వాత ఏటిగట్టు దగ్గర ఒక పేటలో చేపలమ్ముకునే ఒకావిడతో మాట్లాడాను. సాయం అందలేదని ఆవిడ అనలేదు. బియ్యం వచ్చాయి, భోజనం పొట్లాలొచ్చాయి. కాని వీధిలో నిలిచిన మురుగు గురించి ఎవర్ని అడగాలో తెలియక ఆవిడ మరిదిని పంపింది. అతను తెలిసిన పెద్దమనిషి దగ్గరకు వెళ్ళాడు, ఆ పెద్దమనిషి ఇంకెవరికో ఫోను చేశాడు. మురుగు పోయింది. అయితే ఆవిడ అడగలేదు, ఆవిడ తరఫున ముగ్గురు మగవాళ్ళు అడిగారు. హక్కుగా రావలసింది దయగా వచ్చింది.

నీళ్ళు, మురుగు, వీధి దీపాలు, మరుగుదొడ్లు, శ్మశానం, జనన మరణాల నమోదు. ఇవన్నీ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీకి అప్పగించదగిన పనులుగా రాసి ఉన్నాయి. ఇంటి చాకిరీని ఎక్కువ చేసేవీ, తగ్గించేవీ ఇవే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే అందరికీ నష్టమే, కాని ముందు బరువు పడేది బిందె మోసే మనిషి మీద.

ఎన్నికలు పెడితే అన్నీ చక్కబడిపోతాయని నేననను. గౌతమి వంతెన అవతల చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టంతో పంచాయతీల్లో స్త్రీలకు సగం స్థానాలొచ్చాయి. అయినా భర్తల పెత్తనం పోలేదు. అక్కడ కూడా 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరిలో గాని పంచాయతీ ఎన్నికలు జరగలేదు. అయితే ఒక తేడా ఉంది. పెత్తనం భర్తదే అయినా సర్పంచి పేరు భార్యది. ఆవిణ్ణి గ్రామసభలో నిలబెట్టి అడగొచ్చు. మన సంఘాలు పక్కన నిలిస్తే ఆవిడే భర్తకు ఎదురు చెప్పొచ్చు. కుర్చీయే లేనిచోట ఎవరి పక్కన నిలుస్తాం?

రిజర్వేషన్ల వివాదాన్ని మనం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. బీసీ, దళిత, ఆదివాసీ స్త్రీల వాటా వదులుకుని ఎన్నికలు అడగకూడదు. ఆ వాటా లెక్క తేలలేదన్న పేరుతో ఎన్నికలే లేకుండా చేస్తుంటే ఊరుకోనూ కూడదు. 2022 మే 10న సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ కేసులో, లెక్కలు పూర్తికాలేదని అయిదేళ్ళ గడువు దాటించరాదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి మన అడుగుదల రెండు ముఖాలది: లెక్క తేల్చండి, తేదీ ప్రకటించండి.

2023లో చట్టసభల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలిస్తూ రాజ్యాంగ సవరణ చేశారు. అదే ఏడాది మరో చట్టంతో పుదుచ్చేరి శాసనసభకూ దాన్ని వర్తింపజేశారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అది అమలవుతుందన్నారు. ఆ సభలో యానాంకు ఉన్నది ఒక్క స్థానం. వార్డులో చేతికి రావలసింది రానివ్వకుండా, ఎప్పుడో శాసనసభలో వస్తుందని చూపిస్తే మనం మురిసిపోదామా?

ఇక్కడున్న సంఘాలకు నాదొక మనవి. ఎన్నికల కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడవద్దు. ప్రతి పేటలోనూ నెలకోసారి స్త్రీలు కూర్చోండి. నీళ్ళు, మురుగు, దీపాలు, ఏది లేదో రాయండి. ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది, సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ కాగితం మీద మీ సంతకమే ఉండాలి, మరిదిది కాదు. రేపు ఎన్నికలొచ్చిన రోజున ఆ కాగితాలు రాసిన చేతులే నామినేషన్లు కూడా వేస్తాయి.

ఒకప్పుడు చట్టం వర్తించదు కాబట్టి పసిపిల్లల్ని ఈ ఊరికి తెచ్చారు. ఇప్పుడు చట్టం వర్తిస్తుంది. దాన్ని పొలిమేర దాటించి లోపలికి తెచ్చుకోవడమే మన పని.