కాలువ పడవ: దాని పోషణ



కొండమీద పడవ ప్రసంగమేమిటని సభలో కొందరికి నవ్వు రావచ్చును. లంబసింగిలో పడవ నడచు కాలువ లేదు. తాజంగి జలాశయమును విడిచినచో నిలిచిన నీరే ఇచ్చట అరుదు. అయినను మన్యమునకును పల్లపు కాలువ పడవకును పొత్తు లేదనుట సరికాదు. మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నది సీలేరను పేర పారి, శబరిలో కలిసి, కూనవరమువద్ద గోదావరిని చేరును. సీలేరు విద్యుత్కేంద్రములనుండి విడుచు నీరే నేటికిని గోదావరి డెల్టాలో దాళ్వా పంటకు పెద్ద ఆధారము. పల్లమున పడవ తేలినన్నాళ్లు కొండనీరు దాని అడుగున ఉండెను. కొండ గుగ్గిలము దాని పలకల సందులలో ఉండెను. ఈ రెండవ సంగతి ముందు వచ్చును.

పడవల మాట రాగానే రామాయణము చదివినవారికి గుహుడు తలపునకు వచ్చును. అతడు శృంగిబేరపురమున నిషాదుల రాజు, అడవి ప్రజల నాయకుడు. భరతుడు సేనతో వచ్చినప్పుడు గుహుడు ఐదువందల పడవలను కూర్చెనని వాల్మీకి చెప్పియున్నాడు. వానిలో స్వస్తిక చిహ్నముగలవి, గంటలు కట్టినవి ఉండెనట. కవి అంతటితో ముందుకు సాగిపోయెను గాని, లెక్కలు వ్రాయువానికి ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును: ఐదువందల పడవలు ఒక్క ఆజ్ఞతో గంగలో తేలవలెనన్నచో, అంతకు ముందు ఏటేట వాని పలకలు మార్చినవారెవరు? సందులు పూడ్చినవారెవరు? ఆ శ్రమను ఏ కావ్యమును వర్ణింపదు. భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు మాత్రము కొంత చెప్పినది. ఏ కొయ్య పడవకు తగునో విభజించి, తేలికయు గట్టిదనమును కలిసిన కొయ్యను అది మెచ్చుకొన్నది. సముద్రమున అయస్కాంత శిలలు ఉండునుగాన ఓడకు ఇనుము వాడరాదని హెచ్చరించినది. కాలువలో అయస్కాంత శిలలు లేవు గాని, ఇనుమునకు తుప్పు అనెడి శత్రువు అన్నిచోట్లను ఉన్నది.

ఇక తెలుగు కాలువల చరిత్ర. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభించెను. అది 1852లో పూర్తియయ్యెను. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి ముగిసెను. వీనినుండి తీసిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే కాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. ఇనుపదారికన్న నీటిదారి చౌకయని కాటన్ జీవితాంతము వాదించెను. సామర్లకోట మీదుగా కాకినాడకు, ఇటు నరసాపురమునకు పడవలు సాగెను. ఏలూరు కాలువలు రెండు డెల్టాలను కలిపెను. కృష్ణనుండి కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగ్‌హాము కాలువను తాకుటచే, కాకినాడలో ఎక్కిన బస్తా నీటిమీదనే చెన్నపట్టణమును చేరగలిగెను. ఆ బకింగ్‌హాము కాలువలో మొదటి భాగము 1806లోనే చెన్నపట్టణమునుండి ఎన్నూరువరకు త్రవ్వబడినది. 1877–78 నాటి కరవులో కూలీల ప్రాణములు నిలుపుటకై దానిని ఇంకను పొడిగించి, నాటి గవర్నరు పేరు పెట్టిరి. సర్వి కట్టెలు, ఉప్పు ఆ దారినే పట్టణమునకు పోయెడివి.

కాలువ వాలున పడవ ఎట్లు ఎక్కును, ఎట్లు దిగును? ఈ కొండలలో మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి పండించువారికి ఇది చెప్పుట సులభము. పైమడి నీరు క్రింది మడిలోనికి జారకుండ గట్టు ఆపును. ఆ గట్టుకు బదులు ముందొకటి, వెనుకొకటి తలుపులుంచి, నడుమ పడవ పట్టునంత గది కట్టినచో అది లాకు. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూసి, తూము తెరచి గదిలోని నీటిని పైనీటి మట్టమునకు తెచ్చిన పిమ్మట ముందు తలుపు తెరచెదరు. ఎద్దులతోగాని యంత్రముతోగాని పనిలేదు. నీరే పడవను ఎత్తును, నీరే దించును.

ఇట్టి కాలువమీద పడవ గలవాని సంసారము ఎట్టిది? కొల్లేటి వంటి చోట్ల తాటిమ్రాను తొలిచిన దోనెతో బీదవాని పని గడచును. సరకుపడవ వేరు. దానికి పలకలు కావలెను, వడ్రంగులు కావలెను, చుక్కాని, తెరచాప, గడకర్రలు, లంగరు, మోకులు కావలెను. గాలి అనుకూలించినప్పుడు చాప ఎత్తెదరు. అనుకూలింపనప్పుడు కలాసులు గట్టుమీదికి దిగి, స్తంభమునకు కట్టిన త్రాటిని భుజములకు తగిలించుకొని, ముందుకు వంగి మైళ్లకొలది లాగెదరు. గడ వేయువాడు పడవ అంచున వెనుకకు నడచుచు పడవను ముందుకు నెట్టును. ఒడ్డున కూర్చుండి చూచువారికి అది చిత్రపటమువలె నుండును. లాగువాని భుజమునకు మాత్రము అట్లుండదు.

ఏటేట వేసవిలో మరమ్మతులకై డెల్టా కాలువలు కట్టివేయుదురు. రైతుకు అది విరామము; పడవ యజమానికి ఖర్చుల కాలము. నీరు దిగిన పడవను ప్రక్కకు ఒరిగించి, అడుగున పట్టిన పాచిని గీకి, పుచ్చిన పలకను ఊడదీసి క్రొత్తపలక వేయించవలెను. సందులలో నార దట్టించి, గుగ్గిలమును నూనెతో కాచి పూయవలెను. ఈ గుగ్గిలము మన్యపు సంతలలో ఎల్లరు ఎరిగిన సరకే. ఇంటిలో ధూపమునకు వేయు పిడికెడు గుగ్గిలము పల్లమున ఒక కుటుంబపు జీవనాధారమును నీటిపై నిలిపినదని తలచువారు తక్కువ. ఒక వేసవి ఈ పని వాయిదా వేసినచో ఆ యేడు కొంత డబ్బు మిగిలినట్లే కనబడును. మరుసటి యేడు అడుగుచెక్క మెత్తబడి, ధాన్యపు బస్తా తడిసి, మిగిలినదానికి ఎన్నో రెట్లు అప్పుపద్దులో చేరును. వీనికితోడు 1890 నాటి మద్రాసు కాలువలు, రేవుల చట్టము ననుసరించి లైసెన్సు, రుసుము. సర్కారు వారు పడవను పరీక్షించుటను యజమానులు పీడగా తలచుట సహజము. అయినను పరీక్ష సడలినచోట ఏమగునో గోదావరియే చూపినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద విహారపడవ మునిగినప్పుడు, ఎక్కిన డెబ్బదిమందికి పైబడిన జనములో 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి.

గ్రంథాలయ రజతోత్సవమున విడువరాని సంగతి ఒకటి ఉన్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిదప పుస్తకమును పాఠకుని గుమ్మమునకు చేర్చుట ఎట్లను ఆలోచన అయ్యంకి వెంకటరమణయ్య మొదలగు పెద్దలను విడువలేదు. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, పెదపులివర్రుల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపించెను. గట్టువెంబడి గ్రామములకు పుస్తకములు పడవపై వచ్చినవి. బాటలు బురదయైన రోజులలో కూడ కాలువ బురద కాదు గదా! పడవ ప్రయాణము మెల్లనిది. చదువుకొనువానికి అంతకన్న కావలసినదేమి? ఉద్యమ చరిత్రలో ఈ ముచ్చట రెండు వాక్యములతో ముగియుచుండును గాని, అది కాలువయు, లాకు తలుపులును, పడవ అడుగుచెక్కయు చక్కగానున్న కాలమున మాత్రమే సాధ్యపడినదని గమనింపవలెను.

ఆ కాలము నిలువలేదు. బెజవాడ, రాజమహేంద్రవరముల నడుమ 1893లో రైలు నడచెను. 1900లో గోదావరిపై వంతెన తెరచిరి. తరువాత లారీలు వచ్చి, గట్టుమీది బాటలే రోడ్లయ్యెను. కాలువలకు అడ్డముగా ఎత్తు చాలని వంతెనలు కట్టిరి. పెక్కుచోట్ల లాకులు పడవను దాటించుట మాని, నీటిని నిలుపుటకే మిగిలినవి. కాలువ పొలమునకు వలయును గనుక బ్రతికెను. పడవ ఎవరికిని వలదు గనుక పోయెను. సరంగు కొడుకు లారీ క్లీనరయ్యెను.

ఇంగ్లండు దేశపు కథయు మొదట ఇట్లే నడచినది. అచ్చట 1761లో బ్రిడ్జివాటరు ప్రభువు, జేమ్సు బ్రిండ్లీ అను ఇంజనీరు సాయముతో తన గనులనుండి మాంచెస్టరునకు కాలువ త్రవ్వించెను. ఊరిలో బొగ్గు వెల సగమునకు దిగెను. తరువాత త్రవ్విన కాలువలలో, ఖర్చును నీటిని పొదుపు చేయుటకై ఏడడుగుల వెడల్పు లాకులు కట్టిరి. అందుచే ఆ పడవలు 70 అడుగులకు పైబడిన పొడవు, ఏడడుగులకు కొంచెము తక్కువ వెడల్పు కలిగి, ప్రాకారమువెంట ప్రాకు సర్పమువలె సన్నగా నుండును. గుఱ్ఱములు గట్టుమీద నడచి వానిని లాగెడివి. పడవవాని కుటుంబమంతయు వెనుకనున్న చిన్నగదిలో కాపురముండెడిది. వంట, పురుడు, నిద్ర అన్నియు అందులోనే. ఆ గది తలుపులపై గులాబీలు, కోటలు రంగులతో వ్రాయుట వారి వాడుక. ఆ పిల్లల చదువు, ఆరోగ్యముల కొఱకు 1877లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చెను.

రైలు, లారీ వారినికూడ ఓడించినవి. 1962–63 శీతకాలమున కాలువలు వారములకొలది గడ్డకట్టి పడవలు కదలలేదు. సరకు రోడ్డెక్కినది, తిరిగి కాలువలోనికి దిగినది చాల స్వల్పము. పుష్యమాసమున గడ్డిపరకలపై మంచు పేరుకొనుట చూచినవారికి, బయట నిలిచినవాడు కొర్రవలె బిగుసుకొనునని తమ ఊరిని కొర్రబయలని పిలుచుకొన్నవారికి, ఆ పడవవారి అవస్థ వేరుగా వివరింపనక్కఱలేదు.

కాని అచ్చట మరియొకటి జరిగెను. టామ్ రోల్టు అను రచయిత 1939లో క్రెస్సీ అను పాత కొయ్యపడవను ఇల్లుగా మార్చుకొని, భార్యతో కాలువలమీద తిరిగి, 1944లో ఒక గ్రంథము ప్రకటించెను. అది చదివి రాబర్టు ఐక్‌మన్ అతనిని కలిసెను. 1946లో జలమార్గముల రక్షణకు వారు సంఘము పెట్టిరి. ఒక పుస్తకము ఒక కాలువను త్రవ్వలేదు గాని, త్రవ్వువారిని పోగుచేసినది. స్వచ్ఛందముగా వచ్చినవారు సెలవుదినములలో పారలతో పూడిక తీసిరి. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణభాగము 1964లోను, కెన్నెట్–ఏవన్ కాలువ 1990లోను మరల తెరచిరి. వింత యేమనగా, ఆ క్రెస్సీ పడవ కొయ్య పుచ్చిపోయి 1951 నాటికే పనికిరానిదయ్యెను.

ఇప్పుడచ్చట ముప్పదివేలకు పైగా పడవలున్నవి. వానిలో పెక్కు కొయ్యవి కావు, ఉక్కువి. సాధారణముగా అడుగురేకు 10 మిల్లీమీటర్లు, ప్రక్కలు 6, గది కప్పు 4 మందము. రెండుమూడేండ్లకొకసారి పడవను నీటినుండి పైకెత్తి, అడుగును కడిగి గీకి, నల్లని తారు పూయవలెను. గుగ్గిలమునకు బదులు తారు వచ్చినదే గాని పని మారలేదు. అడుగున మెగ్నీషియము ముద్దలను అతికించెదరు. నీరు ఉక్కును తినుటకు ముందు వానిని తినును. అవి కరగినకొలది మార్చుచుండవలెను. నీటిని త్రోయు చక్రపు కడ్డీ పడవలోనుండి బయటికి పోవు రంధ్రమువద్ద ప్రతిదినము జిడ్డు దట్టింపవలెను. లేనిచో చుక్కచుక్కగా లోపల నీరు చేరును. చలికాలమునకు ముందు గొట్టములలో నీరు తీసివేయనిచో అది గడ్డకట్టి గొట్టము పగులును. మలపాత్రను మోసికొనిపోయి నియమితస్థలమున పారబోయుట కూడ యజమాని పనియే. విహారచిత్రములలో ఈ ఘట్టము కనబడదు.

సర్కారు పద్దులు వేరు. పడవ పొడవునుబట్టి ఏటేట లైసెన్సు, భీమా, నాలుగేండ్లకొకసారి భద్రతా పరీక్ష. స్థిరమైన రేవు లేనివాడు 1995 నాటి చట్టము ప్రకారము ఒకచోట పదునాలుగు దినములకు మించి ఉండరాదు. అట్టివానికి 2024నుండి లైసెన్సుపై అదనపు రుసుము కూడ వచ్చినది. 2012నుండి ఈ కాలువలను ప్రభుత్వ శాఖ కాక ఒక ధర్మకర్తృత్వ సంస్థ చూచుచున్నది.

రెండు దేశములకు గల తేడా డబ్బొక్కటే అనుకొనరాదు. డబ్బు తేడాయు చిన్నది కాదు. అచ్చటివారు విలాసమునకు పడవ కొనుచున్నారు, గోదావరి సరంగు అన్నమునకు నడిపెను. సరకు మాత్రము రెండుచోట్లను పోయినది, ఇంగ్లండు పాత పడవకుటుంబములకు కూడ ఆ జీవనము దక్కలేదు. అయితే గోదావరి లాకును సర్కారు నౌకరు తెరచెడివాడు, పడవవాడు వేచియుండెడివాడు. ఇంగ్లండులో పెక్కు లాకులను పడవ యజమానియే తన వంకరచేతి ఇనుపకడ్డీతో తెరచి, దాటి, మరల మూయవలెను. తలుపు కారుచున్నచో మొదట తెలియునది అతనికే, ఫిర్యాదు వ్రాయునదియు అతడే. గోదావరి లాకు తలుపు ఊడిననాడు ఫిర్యాదు వ్రాయుటకు పడవయే మిగులలేదు.

2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలను, భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువరకు గోదావరిని, కృష్ణలో కొంతభాగమును కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. 2016 నాటి చట్టమునందును అది చేరినది. వేయి కిలోమీటర్లకు పైబడిన మార్గమది. కాలువలమీద అది నిజమగుటకు పూడిక తీయవలెను, లాకులు మరల కట్టవలెను, దిగువనున్న వంతెనలను ఎత్తవలెను. పడవ పలకల సంగతి, గుగ్గిలము సంగతి ఆ తరువాతివి.