సిద్ధగోరా చినుకు, సిమ్లా మంచు



జంషెడ్‌పూర్ నగరంలోని సిద్ధగోరాలో పుష్యమాసపు ఉదయాన సన్నని వాన పడుతున్నప్పుడు, ఆ చినుకు కొంతసేపటి క్రితం మంచు పలుకు అంటే నమ్మశక్యంగా తోచదు. కాని చాలాసార్లు నిజం అదే. మధ్యధరా సముద్ర ప్రాంతాన పుట్టి వచ్చే పశ్చిమ కల్లోలాలు కాశ్మీరానికీ, సిమ్లాకూ మంచు కురిపిస్తాయి. వాటి ప్రభావం ఒక్కొక్కప్పుడు ఛోటానాగపూర్ పీఠభూమి దాకా సాగుతుంది.

మేఘంలో జరిగే పని రెండుచోట్లా ఒకటే. సూక్ష్మ జలకణాలు సున్న డిగ్రీల కంటె చల్లబడినా వెంటనే గడ్డకట్టవు. వాటికి ఆధారంగా తగిన ధూళిరేణువు దొరకాలి. ఒక్క స్ఫటికం ఏర్పడితే చాలు, చుట్టుపక్కల బిందువులు ఆవిరై దానినే పోషిస్తాయి. షట్కోణాకృతిలో అది పెరుగుతుంది. జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా 1936లో అటువంటి స్ఫటికాన్ని ప్రయోగశాలలో కుందేలు వెంట్రుక కొసపై పెంచి చూపాడు.

ఆ పలుకు ఏ రూపంతో నేలకు చేరుతుందో నిర్ణయించేది దారిలోని గాలి. సిమ్లాలో నేల దాకా చలి ఉంటే మంచుగానే రాలుతుంది. సిద్ధగోరాపై కింది మూడు నాలుగు కిలోమీటర్ల గాలి సున్నకు పైనే ఉండటంవల్ల కరిగి చినుకవుతుంది. నడుమ వెచ్చని పొర, అడుగున చల్లని పొర ఉన్నచోట కరిగినది మళ్ళీ గడ్డకట్టి గుళికలుగా పడుతుంది. అడుగుపొర పలుచనైతే నీరుగానే దిగి, కొమ్మను, తీగను తాకగానే గాజుపూతలా బిగుసుకుంటుంది. 1998 జనవరిలో కెనడాలో విద్యుత్ స్తంభాలు కూలినది ఆ బరువుకే.

వడగళ్ళ సంగతి వేరు. వాటిని పెంచేది చలికాలపు నెమ్మది మేఘం కాదు, ఎండ వేడికి ఉధృతంగా పైకి లేచే గాలి. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్‌లో సుమారు 246 మందిని బలిగొన్నవి వడగళ్ళే.

తెలుగులో నేలమీది తెల్లదనమంతా 'మంచు'. హిందీలో పత్రంపై నీటిబిందువు 'ఓస్', గాలిలో తేలేది 'కోహరా', పైరును మాడ్చేది 'పాలా', కొండపై కురిసేది 'బర్ఫ్'. జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ మాటలన్నీ పరిచితమే. అయితే 'పాలా పడింది' అనడంలో హిందీవారూ పొరబడుతున్నారు. అది పైనుండి పడేది కాదు. గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదలి సున్నకు దిగువకు చల్లబడగా, పక్కనున్న ఆవిరి దానిపైనే గడ్డకడుతుంది.

ఈ భేదం తెలియనివాడు మబ్బు పట్టిన రాత్రి బంగాళాదుంప చేనుకు కాపలా కాసి, ఆకాశం నిర్మలమైన రాత్రి నిశ్చింతగా నిద్రపోతాడు. నిజానికి మబ్బు కంబళివంటిది. భూమి వేడిని పోనివ్వదు. నక్షత్రాలు తళతళలాడే రాత్రే ప్రమాదం. అందుకే ఆ సాయంకాలం చేనుకు పలుచగా నీరు పెడతారు. తడిసిన నేల పగటి వేడిని దాచుకొని తెల్లవారేదాకా కొంచెం కొంచెంగా పైరుకు అందిస్తుంది. రాంచీ పక్కన కాంకేలో, మక్లస్కీగంజ్‌లో గడ్డి తెల్లబడే ఉదయాలకు ముందుసాయంత్రం చేయవలసిన పని అది.