మన తలమీదుగా పోయిన గ్రహణము

(యరగేరలో మన తెలుగు కుటుంబముల పిల్లలను, పెద్దలను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



ఆకాశమును గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరినారు. మేము శాస్త్రజ్ఞులము కాము, త్రాసు పట్టువారము. అయినను ఈ విషయమున మన యిండ్లకు ఒక పాత బాకీ కలదు. దానిని గురించియే చెప్పుదుము.

1980 ఫిబ్రవరి 16వ తేదీ శనివారము మధ్యాహ్నము తిరిగిన పిమ్మట సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినది. చంద్రుని నీడ అంకోలావద్ద నేలకెక్కి, మన రాయచూరు జిల్లాను దాటి, తెలంగాణము గుండా పూరీ దిక్కునకు సాగిపోయినది. బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థవారు యంత్రములతో వచ్చి, సింధనూరు తాలూకాలోని జవళగేరలో విడిదిచేసి దానిని పరిశీలించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురము వేధశాల, అందలి 48 అంగుళముల దూరదర్శిని, ఆ నీడ దారిలోనే ఉండినవి.

మరి మన యిండ్లలో ఏమి జరిగినది? మా నాయనమ్మ చెప్పెడిది: తలుపులు బిగించి, కిటికీల సందులలో గోనెలు క్రుక్కి, దీపము పెట్టుకొని అందరును లోపల కూర్చుండిరట. పట్టపగలు పక్షులు గూళ్ళకు చేరు సద్దు మాత్రము వినవచ్చినదట. రెండు నిమిషములకు పైగా నిండు చీకటి. మన గడపముందు జరిగిన ఆ వింతను మనవారు గోనెసంచుల వెనుకనుండి విన్నారేగాని చూడలేదు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. భయపడవలదని వారికి నచ్చునట్లు చెప్పినవారు లేకపోయిరి.

సూర్యుడు చంద్రునికన్న వ్యాసమున సుమారు 400 రెట్లు పెద్దవాడు. దూరమునందును ఇంచుమించు అన్ని రెట్లే. కావుననే మన కంటికి ఇరువురును సమానముగా కనిపింతురు. చిన్నవాడు పెద్దవానిని సరిగ్గా కప్పివేయగలడు. కప్పినప్పుడు సూర్యుని చుట్టును తెల్లని కాంతివలయము తోచును. మామూలు దినములలో ఎండ వెలుగున అది మనకు కానరాదు.

ఇందుకొఱకే దూరదేశములనుండి పండితులు మన తెలుగుగడ్డకు వచ్చినారు. 1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణమునకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు వేడి వాయువులని కాంతిని విడదీసి తెలిసికొన్నాడు. మరునాడు గ్రహణము లేకుండనే వానిని చూడగలిగినాడు. ఆ యేటి పరిశీలనలవలననే సూర్యునిలో హీలియము ఉనికి బయటపడినది. ఎగిరెడి బుడగలలో నింపు వాయువులలో అదియొకటి. భూమిమీద అది దొరకినది మాత్రము 1895లో.

జవళగేరకు వచ్చిన ఆ సంస్థవారే తరువాత మరియొక పని చేసినారు. సూర్యబింబమును లోపలనే మరుగుపరచి ఆ కాంతివలయమును చూచు యంత్రమును నిర్మించినారు. అది ఆదిత్య-ఎల్1 నౌకలో అమరి, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరినది. ఆనాడు జవళగేరలో రెండు నిమిషములకై పడిన పాట్లు ఈ విధముగా ఫలించినవని మేము తలంతుము.

శాస్త్రము మన ఆచారమునకు విరోధమని కొందరు పెద్దలు అనుచుందురు. చంద్రుడు సూర్యుని కప్పుటయే సూర్యగ్రహణమని ఆర్యభటుడు 1500 ఏండ్ల క్రిందటనే వ్రాసినాడు. స్పర్శమోక్ష కాలములను పంచాంగకర్తలు లెక్కగట్టియే చెప్పుచున్నారు కదా! స్నానజపములు చేయువారు చేయుదురుగాక. పిల్లలను మాత్రము గదిలో పెట్టి గొళ్ళెము వేయవలదని మా మనవి.

నాయనలారా, 2027 ఆగస్టు 2వ తేదీ సోమవారము సాయంకాలము, నాలుగు గంటల ప్రాంతమున, మన యూరిలో పాక్షిక గ్రహణము ఆరంభమగును. మబ్బు అడ్డుపడకున్న చక్కగా కనబడును. వట్టి కన్నులతో సూర్యుని చూడరాదు. పొగబట్టిన గాజు, ఎక్సురే ఫిల్ము, చలువ అద్దములు, పసుపునీళ్ళ పళ్ళెము, ఇవేవియు కంటిని కాపాడవు. గ్రహణము చూచుటకని ప్రత్యేకముగా చేయు ప్రమాణము గల అద్దములను తెప్పించు ఖర్చు మేము పెట్టుకొందుము.

అద్దములు లేకున్నను చూడవచ్చును. పడమటి కిటికీని అట్టతో మూసి, సన్నని రంధ్రము పొడిచి, పది అడుగుల దూరమున తెల్లని కాగితము పట్టుడు. అంగుళమునకు కొంచెము మించిన సూర్యబింబము దానిపై పడును. రంధ్రములోనుండి చూడరాదు, వీపు సూర్యునివైపు త్రిప్పి కాగితమునే చూడవలెను. మా గిడ్డంగి రేకులలోని మేకు రంధ్రములనుండి నేలమీద పడు గుండ్రని చుక్కలు సూర్యుని బింబములేయని మాకు చాలకాలము తెలియదు. రేకు మార్పించవలెననియే తోచెడిది. గ్రహణమునాడు ఆ చుక్కలన్నియు కొరికిన రొట్టెలవలె మారును. వేపచెట్టు నీడలోను అంతే.

ముందుగా ఏదేని ఎండదినమున ఒకమారు చేసి చూచుకొనుడు. అట్టపెట్టెలు మా దుకాణమున కావలసినన్ని కలవు, వచ్చి తీసికొనిపొండు.